మూడొందల అంగల్లో సముద్రం, ఆరొందల అంగల్లో మంచినీళ్లు

మాది ఖమ్మం, ఉండేది హైదరాబాదు. ఫిబ్రవరి ఒకటి నుంచి మా ఆయనకి విశాఖపట్నంలో కొత్త ఉద్యోగం. హైదరాబాదులో అద్దె ఇల్లు డిసెంబరు ఆఖరుకే ఖాళీ చేయాల్సి వచ్చింది. విశాఖలో కంపెనీ వాళ్లిచ్చే క్వార్టరు ఫిబ్రవరికి గాని చేతికి రాదు. అంటే జనవరి నెలంతా మాది ఇల్లు లేని సంసారం. సామాను గోడౌన్లో పడేసి నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, నాలుగు సూట్‌కేసులు, ఒక కుక్కరు కారెక్కాం. "ఎలాగూ నెల అద్దె కట్టాలి, ఆ కట్టేదేదో సముద్రం పక్కన కడదాం" అన్నారు మా ఆయన. సముద్రం ఆయనా రెండుసార్లే చూశారు. అందుకే అంత ధైర్యం.

విశాఖ బీచ్ రోడ్డు అద్దెల జోలికి మేం పోలేదు. ముందు భోగాపురం వైపు చూశాం. కొత్త విమానాశ్రయం పుణ్యమా అని అక్కడ రేకుల షెడ్డుకి కూడా విల్లా అని పేరు పెట్టి రోజుకింత అని చెబుతున్నారు, నెలవారీ మాటెత్తితే ఫోన్ పెట్టేస్తున్నారు. పూసపాటిరేగ వైపు చింతపల్లి బీచ్ దగ్గర ఒక ఇల్లు నచ్చింది గాని సంక్రాంతికి వాళ్ల చుట్టాలొస్తారట, ఆ నాలుగు రోజులు మమ్మల్ని ఎటైనా వెళ్లి రమ్మన్నారు. పండగపూట సూట్‌కేసులతో ఎటు పోతాం? బారువ చాలా అందంగా ఉంటుందన్నారు, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటట. కానీ శ్రీకాకుళం నుంచి మరీ దూరం, అత్తగారికి బీపీ ఉంది, వద్దనుకున్నాం.

ఈలోగా ఒక బ్రోకరు తగిలాడు. శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో సముద్రానికి ఎదురుగా ఇల్లు, కొబ్బరి చెట్ల మధ్య ఊయల అంటూ ఫోటోలు పంపి, రేపటికల్లా పదివేలు అడ్వాన్సు వేయమన్నాడు. ఫోటోలు పెద్దవి చేసి చూస్తే ఇంటి ముందు ఆగిన ఆటోకి కేరళ నంబరు ప్లేటు ఉంది. అడిగితే, "వాళ్లు టూరుకొచ్చారు మేడం" అన్నాడు. ఆటో వేసుకుని కేరళ నుంచి కళింగపట్నం టూరు! ఆ రోజు నుంచి నేను నియమం పెట్టుకున్నాను, ఇల్లు కళ్లతో చూడకుండా రూపాయి ఇచ్చేది లేదని. శ్రీకాకుళంలో లాడ్జిలో రెండు రాత్రులుండి, గార మండలంలో తీరం వెంట ఊరూరూ తిరిగాం. టీ కొట్టు దగ్గర ఆగడం, "ఇక్కడ నెలకి ఇల్లు ఎవరైనా ఇస్తారా" అని అడగడం. మూడో టీకి దొరికింది ఇల్లు.

కళింగపట్నానికి కాస్త ఇవతల, మత్స్యకారుల ఊరు. స్లాబు ఇల్లు, రెండు గదులు, ముందు వరండా, వెనక పెరడు, పైన మేడ. ఖాళీగా ఎందుకుంది అంటే, ఇంటాయన భార్యాపిల్లలతో సహా గుజరాత్‌లోని వీరావల్‌లో ఉన్నాడు. ఈ తీరంలో చాలా ఊళ్ల కథ ఇదే. ఎదురుగా సముద్రం ఉన్నా ఇక్కడ జెట్టీలు, హార్బర్లు లేక, చిన్న పడవల మీద వేట గిట్టుబాటు కాక, మగవాళ్లు ఆగస్టులో వీరావల్ వెళ్లి పెద్ద బోట్ల మీద జీతానికి కుదురుతారు. వేసవికి గాని తిరిగి రారు. 2018లో అలా వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వాఘా మీదుగా వచ్చిన మత్స్యకారులు ఇక్కడివాళ్లూ విజయనగరం వైపు వాళ్లే. ఇంటాయన తల్లి పక్కనే పాత పెంకుటింట్లో ఉంటుంది. తాళం, బేరం, పెత్తనం అన్నీ ఆవిడవే. అందరూ మామ్మ అంటారు, మేమూ అదే అన్నాం.

నెలకి పన్నెండు వేలు, అడ్వాన్సు ఐదు వేలు, కరెంటు బిల్లు మాది. బేరమాడితే మామ్మ నవ్వి, "సంద్రం గాలికి మేం డబ్బులు అడగట్లేదు కదమ్మా" అంది. నేను రోజంతా దుకాణాల లెక్కలు చూసే మనిషిని. నాకే బదులు దొరకలేదు.

ఇక ఇంటి సంగతి. పాప మొదటి రోజే అంగలు లెక్కపెట్టి చెప్పింది, వరండా మెట్టు నుంచి తడి ఇసుక దాకా మూడొందల పన్నెండు అని. మధ్యలో సరుగుడు తోట, ఇసుక దిబ్బ. రాత్రి పడుకుంటే కెరటం విరిగే చప్పుడు గోడలోంచి వచ్చినట్టుంటుంది. మొదటి రెండు రాత్రులు అత్తగారు లారీలు వెళ్తున్నాయనుకున్నారు. మేడ ఎక్కితే కళింగపట్నం లైట్‌హౌస్ వెలుగు ఒక చుట్టు తిరిగి మళ్లీ వస్తుంది. వీటి గురించి ఇంతకంటే రాయను, ఎవరు వెళ్లినా అదే చూస్తారు. రాయాల్సింది నీళ్ల గురించి.

పెరట్లో బోరుంది, మోటారుంది, ట్యాంకుంది. ఇల్లు చూసిన రోజు కుళాయి తిప్పాను, నీళ్లు ధారగా వచ్చాయి, మురిసిపోయాను. నోట్లో పోసుకుని చూడాలని తోచలేదు. మర్నాడు మొహం కడిగితే తెలిసింది, పెదవుల మీద ఉప్పు. సబ్బు నురగ రాదు, జిడ్డుగా అంటుకుంటుంది. తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరి పీచే. అవన్నీ సర్దుకోవచ్చు. పప్పు దగ్గరే కథ అడ్డం తిరిగింది. కందిపప్పు కడిగి బోరు నీళ్లు పోసి కుక్కరు పెట్టాను. నాలుగు విజిల్స్‌కి మూత తీస్తే బద్ద బద్దలాగే ఉంది, నీళ్లు మాత్రం పసుపు రంగుకొచ్చాయి. మళ్లీ నాలుగు. గరిటెతో నొక్కితే బద్ద పక్కకి జారిపోతుంది తప్ప మెదగదు. కుక్కరు గాస్కెట్ పోయిందేమోనని మా ఆయన దాన్ని విప్పి చూస్తున్నారు. మామ్మ గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, పప్పు ఉడకలేదేటి? ఆ బోరు నీళ్లతోటి ఎలాగ ఉడుకుద్ది!" అని, వాళ్లింట్లోంచి బిందెడు కుళాయి నీళ్లు తెచ్చిచ్చింది. అదే పప్పు, అదే కుక్కరు, ఆ నీళ్లతో నాలుగు విజిల్స్‌కి వెన్నలా అయింది. కఠినత్వం ఉన్న నీటిలో పప్పు సరిగ్గా ఉడకదని పుస్తకంలో చదివే ఉంటాను, ఆకలేసినప్పుడు గాని గుర్తురాలేదు. "కూరలో ఉప్పు వేయకపోయినా ఈ నీళ్లే చూసుకుంటాయి" అని అత్తగారు వారం రోజులు దెప్పారు.

ఊరి మంచినీళ్ల కుళాయి వీధి చివర ఉంది. మళ్లీ పాప లెక్కే, ఆరొందల నలభై అంగలు. పొద్దున్న గంటసేపు వస్తాయి, అదీ వచ్చినప్పుడు. వరసలో మా బిందె ముందుకి జరగడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు నుంచి ఆడవాళ్లే "మేడంగారి బిందె పెట్టండే" అనేవారు గాని, నాకే సిగ్గేసి టిన్నులకి దిగాను. ఇరవై లీటర్ల టిన్ను కొట్టు దగ్గర ఇరవై, ఇంటికి తెచ్చిస్తే ముప్పై. నెలకి యాభై రెండు టిన్నులు, పదిహేను వందల అరవై రూపాయలు. సముద్రం పక్కన ఇల్లు చూసేవాళ్లకి నేను చెప్పేదొకటే, సముద్రం ఎంత దూరమని అడగకండి, అది ఎక్కడికీ పోదు. మంచినీళ్లు ఎంత దూరం, ఎన్నింటికొస్తాయి, మీ ఇంట్లో పప్పు దేనితో ఉడికిస్తారు, ఇవి అడగండి.

రెండో సమస్య బాత్‌రూమ్. ఒకటే ఉంది, పెరట్లో, కింద కూర్చునే రకం. అత్తగారి మోకాళ్లకి అది పనికిరాదు. ఇల్లు చూసినప్పుడు నేనది గమనించాను, సర్దుకుంటారులే అనుకున్నాను, తప్పు నాదే. మర్నాడే శ్రీకాకుళం వెళ్లి మెడికల్ షాపులో మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ పద్దెనిమిది వందలకి కొన్నాం. దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లుంటే మామ్మని అడగండి, అటక మీద ఉంది.

మూడోది ఇన్వర్టరు. "కరెంటు పోయినా భయం లేదు" అని ఇంటాయన ఫోన్‌లో చెప్పాడు. తొమ్మిదో తారీఖు రాత్రి గాలి వీచింది, కరెంటు పోయింది, ఇన్వర్టరు కుయ్యిమని ఒకసారి అరిచి ఊరుకుంది. బ్యాటరీ చచ్చిపోయి ఎన్నాళ్లయిందో. నాకు పదకొండో తారీఖున నా పార్టీల, అంటే నేను లెక్కలు చూసే దుకాణాల, జీఎస్టీ రిటర్నులు వేయాలి, ఇరవైన మళ్లీ. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ లేదు. ఇంటాయనకి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. పదిసార్లు చేశాను, మెసేజీలు పెట్టాను, ఒకటి కాస్త కోపంగానే పెట్టాను. డబ్బులు తీసుకుని తప్పించుకు తిరుగుతున్నాడని తీర్మానించేశాను. మామ్మ దగ్గరికి వెళ్లి గట్టిగా అడిగితే ఆవిడ తాపీగా, "మావోడు బోటు మీద ఉన్నాడు కదమ్మా, ఏటలో ఫోన్ ఎలాగ పనిచేస్తాది. ఒడ్డుకొస్తే ఆడే చేస్తాడు" అంది. అద్దెకిచ్చినాయన అరేబియా సముద్రంలో, అద్దెకున్నవాళ్లం బంగాళాఖాతం ఒడ్డున. ఇలాంటి కస్టమర్ కేర్ ఎక్కడా చూడలేదు.

పదకొండున పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లాను. అక్కడ మా పార్టీ ఒకాయనకి తెలిసిన కొట్టులో మూలన కూర్చుని రిటర్నులు వేశాను. సిగ్నల్ సంగతి కూడా చెప్పాలి కదా. మా దగ్గరున్న రెండు సిమ్ముల్లో ఒకటి ఇంట్లో అసలు రాదు, రెండోది మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం బాగా వస్తుంది. కేబుల్ అతన్ని నెట్ పెట్టమంటే నెల రోజులకి పెట్టనన్నాడు, మూడు నెలలు కడితేనే అన్నాడు. దాంతో మిగతా నెలంతా నా ఆఫీసు ట్యాంకు నీడే. ఎండ తిరిగినప్పుడల్లా చాప తిప్పుకునేదాన్ని.

ఇంటాయన ఇరవయ్యో తారీఖున ఫోన్ చేశాడు, పదకొండు రోజులకి. వెనక ఒకటే ఇంజన్ల మోత, ఎవరో హిందీలో అరుస్తున్నారు. నా మెసేజీలన్నీ ఒక్కసారే చదివినట్టున్నాడు. "సారీ అక్కా, బోటు ఇప్పుడే దిగేం. ఆ బేటరీ సంగతి నాకు తెల్దు, అమ్మ కూడా చెప్పలేదు. అద్దెలో వెయ్యి తగ్గించి ఇవ్వండి" అన్నాడు, నేను అడక్కముందే. నేను కోపంగా పెట్టిన మెసేజీ ఊసెత్తలేదు. తర్వాత, "పెరట్లో మామిడి అంటు ఉంది చూడండక్కా, దానికి బోరు నీళ్లు పోస్తున్నారేటి? చచ్చిపోద్ది" అన్నాడు. నిజమే, నేను రోజూ పోస్తున్నాను. అప్పటికే ఆకుల చివర్లు మాడాయి. ఆ రోజు నుంచి బియ్యం కడిగిన నీళ్లు దానికే.

వంటకి వస్తే, ఇంత మంచి చేపలు నేను జన్మలో తినలేదు. పొద్దున్న ఆరున్నర, ఏడు మధ్య పడవలు ఒడ్డెక్కుతాయి. వల దులిపి, ఇసుకలోనే పోగులు పెడతారు. ఆడవాళ్లు గంపలతో చుట్టూ మూగుతారు. మనలాంటివాళ్లం మధ్యలో దూరకూడదు. వాళ్ల వేలం పాట అయ్యాక ఎవరి గంప దగ్గరికైనా వెళ్లి అడిగితే ఇస్తారు. తూకం లేదు, వాటా లెక్క. మా ఊళ్లో వంజరం అనేదాన్ని ఇక్కడ కోనాం అంటారు. నెత్తళ్లు, కవ్వళ్లు వందకి ఇచ్చే వాటా మా నలుగురికీ రెండు పూటలు. మామ్మ కానాగంతలకి చింతపండు పులుసు పెట్టి ఒకరోజు పంపింది. మర్నాటికి ఇంకా రుచి పట్టింది. చేపలు తిననివాళ్లు మాత్రం ఆలోచించుకోండి. దిబ్బ వెనక పాత వలల మీద నెత్తళ్లు ఎండబెడతారు, గాలి అటునుంచి తిరిగితే దుప్పట్లకి కూడా ఆ వాసనే. మా ఆయనకి వారంలో అలవాటైంది, నాకు కాలేదు. చోడి అంటే రాగులని తెలియక మొదట్లో కొట్టువాడితో వాదించాను. పాపని మామ్మ "ఈ గుంట ఏటి ఇంత సన్నంగా ఉంది" అంటే, అత్తగారు గుంట ఎక్కడుందని వాకిలంతా వెతికారు. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల.

బీచ్ సంగతి. ఇది మునకలేసే బీచ్ కాదు. ఒడ్డు దిగగానే లోతు, కెరటం కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరికి మరీ వెళ్లొద్దని ఊళ్లో ప్రతి ఒక్కరూ చెప్పారు. చేపలు పట్టేవాళ్లే భయపడే చోట మనకేం పని? మోకాళ్ల దాకా కెరటం వచ్చే చోట కూర్చుంటే చాలు. ఇంకో మాట, తెల్లవారుజామున నడకకి వెళ్తే లైట్‌హౌస్ వైపు వెళ్లండి, అవతలి వైపు వద్దు. ఎందుకో అర్థం చేసుకోండి.

జనవరిలో వెళ్లినందుకు ఒకటి చూశాం, ఒకటి చూడలేకపోయాం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అది. ఒకరోజు పొద్దున్న ఇసుకలో ట్రాక్టరు టైరు జాడలాంటిది సముద్రంలోంచి దిబ్బ దాకా, మళ్లీ వెనక్కి కనపడింది. రాత్రి తాబేలు వచ్చి వెళ్లిన దారి. గుడ్లని అప్పటికే కాపలా కుర్రాళ్లు తీసి తడిక కట్టిన హేచరీలో పాతిపెట్టారు. వంద పైనే ఉన్నాయట. పిల్లలు ఎప్పుడొస్తాయని పాప అడిగితే నలభై ఐదు రోజులు పైనే పడుతుందన్నారు. అది వేళ్ల మీద లెక్కేసి, మన అద్దె ముప్పై రోజులకే కదమ్మా అంది. ఆ తర్వాతి వారం రెండు చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి. వలల్లో చిక్కి ఊపిరాడక చస్తాయట. పాప ఆ పూట అన్నం తినలేదు.

చుట్టుపక్కల తిరగడానికి కారుంటే సుఖం. శ్రీకూర్మంలో విష్ణుమూర్తి తాబేలు రూపంలో ఉంటాడు, గుడి వెనక నక్షత్ర తాబేళ్లని చూసి పాప కాస్త తేరుకుంది. అరసవల్లి ఆదివారం తప్ప ఇంకే రోజైనా వెళ్లండి, రథసప్తమి చుట్టుపక్కల అయితే శ్రీకాకుళంలో గది దొరకదు. నాకు బాగా నచ్చింది శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చారు. పైనుంచి చూస్తే వంశధార ఇసుక మేటల మధ్య మెలికలు తిరుగుతూ సముద్రం వైపు పోతుంది. అత్తగారు కింద కారులోనే కూర్చున్నారు, మెట్లు ఆవిడ వల్ల కావు. రైల్లో వచ్చేవాళ్లకి ఒక మాట, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఊళ్లో కాదు, ఆమదాలవలసలో.

అన్నీ కలిపి పదికి ఆరున్నర వేస్తాను. నీళ్లకి ఒకటిన్నర, బాత్‌రూమ్‌కి ఒకటి, ఇన్వర్టరుకి ఒకటి కోశాను. మామ్మకి అర కలుపుదామనుకున్నాను. కానీ దోమతెర చిరిగిందని వెళ్లే రోజు అడ్వాన్సులో నాలుగొందలు పట్టుకుంది. చిరిగింది నిజమే, పాప ఊగింది.

అక్టోబరు, నవంబరుల్లో ఈ ఇంటికి వెళ్లొద్దని మామ్మే అంటుంది. 2021 సెప్టెంబరు ఆఖర్లో గులాబ్ తుఫాను ఇక్కడికి దగ్గర్లోనే తీరం దాటింది. ఆ రాత్రి ఆవిడ ఇంటి పెంకులు వీధిలో దొరికాయట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, మర పడవలు కదలవు, తాజా చేపల ఆశతో వెళ్లేవాళ్లు ఆ రోజులు వదిలేయండి. గుజరాత్‌లో జూన్ ఒకటి నుంచి నిషేధం కాబట్టి మే ఆఖరుకి ఇంటాయన కుటుంబం వచ్చేస్తుంది, ఇక ఆగస్టు దాకా ఇల్లు ఇవ్వరు. ఫోన్ తీయకపోతే కంగారుపడొద్దు, మామ్మకి చెబితే చాలు. కొత్త బ్యాటరీ పెట్టించానని మొన్న మెసేజీ పెట్టాడు. మామిడి అంటు ఫోటో కూడా పంపాడు, రెండు కొత్త ఆకులు వేసింది.